కదలని బొమ్మ

ఏర్పేడు దాటి పాపానాయుడుపేట దారిలో ఉన్న ఆ పల్లెకు బ్రాడ్‌బ్యాండ్ రాదని మునిశేఖర్‌కు బండి స్టాండు వేయకముందే తెలుసు. సెల్‌టవర్ నుంచి వచ్చే నెట్టు తిరుపతిలో పరుగెత్తుతుంది, రేణిగుంటలో నడుస్తుంది, ఏర్పేడు దాటాక కూలబడుతుంది. ఏజెన్సీలో పనిచేసే ఐదుగురికీ ఈ సంగతి తెలుసు. తెలిసినా చెప్పకూడదు. కంప్యూటరుకు గుచ్చితే నెట్టు ఇచ్చే డేటాకార్డు డబ్బా మీద ‘బ్రాడ్‌బ్యాండ్’ అని ఇంత లావు అక్షరాలు అచ్చేసి ఉన్నాయి, దాన్ని కాదనడానికి నువ్వెవరు అంటాడు ఓనరు మోహన. అది 2009 జులై. నెలాఖరులోగా మునిశేఖర్ ఇంకా నాలుగు కార్డులు అమ్మాలి. అమ్మలేని ఇద్దరిని అంతకుముందు నెలే ఇంటికి పంపేశారు.

చంద్రకాంతమ్మ పెరట్లో ఆవులకు తవుడు కలుపుతూ ఉంది. ఏజెన్సీకి ఫోన్ చేసి మనిషిని పంపమన్నది ఆమే. చేతులు కడుక్కుని వచ్చి, మజ్జిగ ఇచ్చి, సంగతి చెప్పింది. ఆమెకు ఇద్దరూ ఆడపిల్లలే. ఇద్దరికీ పుట్టుకతోనే చెవుడు, మాట రాదు. పెద్దది పల్లవిని బెంగుళూరులో ఇచ్చారు. ఇప్పుడు దానికి ఎనిమిదో నెల. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి కదా, సీమంతం చేసి తీసుకొచ్చేద్దామనుకునేలోపల అక్కడి డాక్టరమ్మ బస్సూ కారూ ఏదీ ఎక్కకూడదని మంచం దిగనివ్వలేదు. తానే పోదామంటే మొగుడు దేవరాజులు మోటరుషెడ్డు మీంచి జారి తొడ ఎముక విరగ్గొట్టుకుని, పుత్తూరు కట్టుతో ముందుగదిలో పడి ఉన్నాడు. చిన్నది నవీనను పంపుదామంటే, పెళ్లికాని పిల్లను వియ్యంకులింట్లో నెలల తరబడి ఎట్లా ఉంచేదని ఆయన ససేమిరా అన్నాడు.

“ఫోన్ చేస్తే మా వియ్యపరాలు వసంతమ్మ ఎత్తతాది. బాగుండాది, తినింది, పడుకోనుండాది అంటాది. మంచి మనిషే, తప్పు చెప్పకూడదు. కానీ నా బిడ్డ లోపల ఏమనుకుంటా ఉండాదో ఆమెకేం తెలుస్తాదప్పా? ఆ చేతుల మాట నవీనకు తప్ప ఇంకెవురికీ రాదు. కన్నదాన్ని, నాకే సగం తెలీదు” అంది చంద్రకాంతమ్మ.

తిరుపతిలో చెవిటిపిల్లల బడి ఉందని ఆ ఇంట్లో తెలిసేనాటికి పెద్దదానికి పద్నాలుగేళ్లు. ఇప్పుడు పంపి ఏం లాభం అని ఇద్దరినీ ఇంట్లోనే ఉంచేశారు. ఆ పిల్లలు ఎవరూ నేర్పకుండానే తమకు కావలసిన మాటలన్నీ చేతులతో తామే చేసుకున్నారు. అవి ఏ బడిలోనూ లేవు. అందుకని ఒకరి చేతులు ఒకరికి కనపడితే తప్ప వాళ్లకు పలకరింపు లేదు. బెంగుళూరు అల్లుడు ధర్మేంద్ర ఇంట్లో వైరు నెట్టుంది, కెమెరా ఉంది. ఇక్కడ చిత్తూరు మేనమామ జయరావు ఇచ్చిన పాత కంప్యూటరుంది, కెమెరా కూడా ఆయనే కొనిపెట్టాడు. ఫోన్ వైరు మాత్రం రోడ్డు వెడల్పు చేసినప్పుడు తెగింది, ఏడాదైనా ఎవరూ అతకలేదు. పేపరులో డేటాకార్డు ప్రకటన చూసి ఆమె ప్రాణం లేచొచ్చింది.

మునిశేఖర్ ఆ పూటే నిజం చెప్పేసి ఉండవచ్చు. అమ్మా, ఈడికి ఉత్తరం వస్తాది, ఫొటో వస్తాది, కదిలే బొమ్మ రాదు అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఆమె వాళ్ల ఆయన్ను తిట్టుకునో, బంధువుల్లో ఎవరినో బతిమాలుకునో నవీనను బెంగుళూరు బస్సు ఎక్కించేది. అతను ఆ ముక్క అనలేదు.

“శ్రీహరికోటలో రాకెట్టు ఎగిరేది మీ మిద్దె మీదికి కనపడతాది కదమ్మా? అది అంతెత్తు పోయి బొమ్మలు పంపిస్తా ఉండాది. బెంగుళూరు నుంచి రాదా?” అన్నాడు.

మంచం మీద దేవరాజులు కూడా నవ్వాడు. అమ్మకం అయిపోయింది.

ఇక పని మొదలైంది. ఈ పనిలో మునిశేఖర్ గట్టివాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కార్డును కంప్యూటరుకు గుచ్చితే సిగ్నల్ ఒక్క గీత కూడా రాలేదు. పొడవాటి తీగ తగిలించి కార్డును చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. వంటింట్లో సున్నా. దేవుడిగూటి దగ్గర ఒక గీత వచ్చి పోయింది. తూర్పు కిటికీ దగ్గర రెండు నిలిచాయి. అప్పుడు అన్నం వార్చే సత్తు సిబ్బి ఒకటి ఇమ్మన్నాడు. చంద్రకాంతమ్మ బిత్తరపోయి చూసి తెచ్చి ఇచ్చింది. చిల్లులున్న ఆ సిబ్బిని కిటికీ కమ్ములకు పురికొసతో కట్టి, గుంత వైపు టవర్ దిక్కుకు తిప్పి, ఆ గుంతకు ఎదురుగా కార్డును వేలాడదీశాడు. మూడు గీతలు వచ్చాయి. ఈ విద్య అతనికి ఎవరూ నేర్పలేదు, పదిళ్లు తిరిగి కనిపెట్టుకున్నాడు.

నవీన అంతసేపూ కుట్టుమిషన్ ముందు కూర్చుని అతన్నే చూస్తూ ఉంది. ఇరవై రెండేళ్లుంటాయి, ఊళ్లో రవికెలన్నీ ఆమే కుడుతుంది. సిబ్బి కట్టడం అయ్యాక తల్లి వైపు తిరిగి రెండు అరచేతులను గుండ్రంగా చేసి తలమీదికి ఎత్తి చూపి నవ్వింది. నీకు పేరు పెట్టిందప్పా అంది చంద్రకాంతమ్మ. ఆ ఇంట్లో అందరికీ అట్లాంటి పేర్లున్నాయట. ముక్కుపుడక తాకితే తల్లి, మీసం తిప్పితే తండ్రి, ఎడమబుగ్గ మీద వేలు పెడితే పుట్టుమచ్చ ఉన్న పల్లవి. నెత్తిమీద సిబ్బి పెడితే మునిశేఖర్.

బెంగుళూరులో ధర్మేంద్ర మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వస్తాడు. వచ్చి కంప్యూటరు పెట్టి, భార్యను ముందు కూర్చోబెట్టి, తాను వంటింట్లోకి తినడానికి పోయాడు. ఎట్లాగూ వినేవాళ్లు లేరు కాబట్టి, బొమ్మకైనా దారి కాస్త ఖాళీ అవుతుందని, మునిశేఖర్ రెండువైపులా శబ్దం తీయించేశాడు. బొమ్మ వచ్చింది. పల్లవి మొహం, పుట్టుమచ్చ, చేతిలో దువ్వెన. ఐదారు క్షణాలు అట్లాగే ఉండి, రెండో బొమ్మ వచ్చింది. మళ్లీ ఐదారు క్షణాలు. మధ్యలో చేతులు ఏం చేశాయో ఎవరికి తెలుసు? ఆ చేతుల మాటలో సగం కదలికే. నవీన మొహం వాడిపోయింది. మునిశేఖర్‌కు బెదురు పుట్టింది, ఇప్పుడే డబ్బా వాపసు ఇస్తారేమోనని.

కానీ నవీన తెలివి గలది. రెండు నిమిషాలు చూసింది, కిటుకు పట్టింది. తన చేతిని ఒక గుర్తులో పెట్టి, కదల్చకుండా, కెమెరా ముందు ఊపిరి బిగబట్టి ఉంచింది. అక్కడ పల్లవికి అర్థమైంది. ఆమె కూడా ఒక్కో గుర్తూ పెట్టి అట్లాగే ఆగింది. నవీన చూశానని బొటనవేలు ఎత్తాక ఇంకో గుర్తు. ఒక్క మాటకు పది క్షణాలు పట్టింది, పట్టనీ. నవీన తన నెత్తిమీద సిబ్బి గుర్తు పెట్టి కిటికీ వైపు చూపించింది. కెమెరాకు అందకుండా పక్కన నిలబడ్డ మునిశేఖర్‌కు, అక్కడ పల్లవి నోరు తెరిచి నవ్వుతున్న బొమ్మ ఒకటి కనిపించింది.

తర్వాత పల్లవి కడుపు మీద చెయ్యి వేసుకుని వేళ్లు ఆడించింది. ఒక బొమ్మలో వేళ్లు పైకి ఉన్నాయి, రెండో బొమ్మలో కిందికి, మూడోదానిలో పైకి. “బిడ్డ తంతా ఉండాదంట” అని చంద్రకాంతమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. నవీన గొంతులోంచి ఒక కూత వచ్చింది. ఆ ఇంట్లో సంతోషం అట్లా వినిపిస్తుందని మునిశేఖర్‌కు ఆరోజే తెలిసింది.

రెండో రోజు సాయంత్రం బొమ్మ బిగుసుకుపోయిందని ఫోన్ వచ్చింది. బుధవారం మళ్లీ పోయాడు. సాయంత్రమైతే అందరూ ఫోన్లు పట్టుకుంటారు, టవర్‌కు ఊపిరాడదు, మధ్యాహ్నమే పెట్టుకోండి అని చెప్పాడు. అది నిజమే. వారం లోపల కార్డు నచ్చకపోతే వాపసు ఇవ్వొచ్చని కాగితంలో ఉంది, అది మాత్రం చెప్పలేదు. బొమ్మ బిగుసుకుంటే కార్డు పీకి, పది లెక్కపెట్టి, మళ్లీ గుచ్చాలని నేర్పాడు. పీకడం, గుచ్చడం చేసి చూపించాడు. ఏ జబ్బుకైనా అదే మందు, మా ఓనరుకు కూడా అంతకు మించి తెలీదమ్మా అంటే చంద్రకాంతమ్మ నవ్వింది. నవీన రవికెలకు మిగిలిన పసుప్పచ్చ గుడ్డతో బొటనవేలంత చేతులున్న చిన్న చొక్కా కుడుతూ ఉంది. అక్కకు శనివారం చూపిస్తుందట.

శనివారం మునిశేఖర్‌కు శ్రీకాళహస్తిలో పని. తోవలోనే కదా అని ఆ ఇంటిముందు ఆగాడు. నిజం చెప్పాలంటే తోవ కాదు, రెండు కిలోమీటర్లు లోపలికి పోవాలి. అమ్మిన కార్డుల్లో మంచిపని చేసింది ఇదొక్కటే అని ఆ వారమంతా అతనికి లోపల గర్వంగా ఉండింది. ఆ పిల్ల బొటనవేలు ఎత్తడం ఇంకోసారి చూడాలనిపించింది.

మధ్యాహ్నం రెండు గంటలు దాటింది. బొమ్మ అప్పటికే వచ్చి ఉంది. పల్లవి గోడకు ఆనుకుని కూర్చుంది. కుడిచెయ్యి కడుపు మీద పెట్టుకుని, ఐదువేళ్లూ చాపి, నేరుగా కెమెరాలోకి చూస్తూ ఉంది. ఐదు క్షణాలు, పది క్షణాలు, అర నిమిషం. వేళ్లు కదల్లేదు. ఇక్కడ నవీన చేతిలో చిన్న చొక్కా అట్లాగే ఉంది. పల్లవికి చూపించలేదు, బొటనవేలూ ఎత్తలేదు. తెర వైపు వంగిపోయి చూస్తూ ఉంది.

“స్టక్ అయిపోయినాదమ్మా” అన్నాడు మునిశేఖర్, డాక్టరు నాడి పట్టినట్టు తీగ పట్టుకుని.

కార్డు పీకబోతే నవీన అతని మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. తెరను చూపించి, తన కళ్ల మీద రెండు వేళ్లు పెట్టుకుని, తెరిచి మూసి, తెరిచి మూసి, మళ్లీ తెరను చూపించింది. తల్లి మధ్యలో కల్పించుకుని, అక్కను ఇంకాసేపు చూసుకోనీండి అంటా ఉండాదేమో అంది. అది బొమ్మ కాదమ్మా, ఆగిపోయిన నీడ, దాన్ని చూసి ఏం లాభం అన్నాడు మునిశేఖర్. మంచం మీంచి దేవరాజులు కూడా, ఆయప్పను పని చేసుకోనీవే అన్నట్టు కూతురికి చెయ్యి విసిరాడు. మునిశేఖర్ మెల్లగా ఆ వేళ్లు విడిపించుకుని కార్డు పీకాడు. తెర నల్లబడింది. పది లెక్కపెట్టాడు.

మళ్లీ గుచ్చితే నాలుగు నిమిషాలకు కలిసింది. అదే బొమ్మ. గోడ, పల్లవి, కడుపు మీద చెయ్యి, చాపిన ఐదు వేళ్లు. “పాత బొమ్మే మళ్లా వస్తా ఉండాది” అని మళ్లీ పీకాడు. ఈసారి నవీన అతని భుజం మీద పిడికిలితో కొట్టింది. చంద్రకాంతమ్మ సిగ్గుపడిపోయి కూతుర్ని వెనక్కి లాగింది. మూడోసారి గుచ్చితే అసలు కలవనే లేదు. నవీన కిటికీ దగ్గరికి పోయి పురికొస తెంపి సిబ్బిని గదిలోకి విసిరికొట్టింది. అది గిరగిరా తిరిగి మంచం కోడు కింద పడింది.

అక్కను చూడలేకపోయిందని కోపం అని అందరూ అనుకున్నారు. చంద్రకాంతమ్మ సెల్‌ఫోన్ తీసి వియ్యపరాలికి చేసింది. వసంతమ్మ ఎప్పటిలాగే చెప్పింది. అన్నం తినింది, గోడకానుకోని కూర్చోనుండాది, బాగానే ఉండాది వదినా. ధర్మేంద్ర కూడా ఫోన్ తీసుకుని బాగుంది అత్తా అన్నాడు. చంద్రకాంతమ్మ ఫోన్ పెట్టేసి కూతురి గడ్డం పట్టుకుని, అన్నం తిన్నట్టు, నిద్రపోయినట్టు చేసి చూపించింది. నవీన ఆ చేతుల్ని తోసేసింది. గూట్లోంచి చేతిసంచీ తెచ్చి అందులో తన చీర కుక్కి, వాకిలి వైపు చూపించింది. ఎక్కడికో అర్థం కానివాళ్లు ఎవరూ లేరు. దేవరాజులు వద్దన్నాడు. చంద్రకాంతమ్మ సంచీ తీసి బీరువాలో పెట్టింది.

మునిశేఖర్ సిబ్బిని మళ్లీ కట్టి, రేపటికి సర్దుకుంటాదమ్మా అని చెప్పి శ్రీకాళహస్తికి పోయాడు. భుజం కొంచెం నొప్పి పెట్టింది. పాపం పిల్ల అనుకున్నాడు, అంతే.

ఆగస్టు రెండో వారంలో ఏజెన్సీకి ఒక జాబితా వచ్చింది, అమ్మిన తర్వాత వాడకం లేని కార్డులది. ఏర్పేడు కార్డు జులై చివరి శనివారం తర్వాత ఒక్కసారి కూడా కలపలేదని అందులో ఉంది. పోయి కనుక్కుని రమ్మన్నాడు మోహన. మునిశేఖర్ జులైలో నాలుగు కార్డులూ అమ్మేశాడు, ఉద్యోగం నిలిచింది. పొద్దున్నే బయల్దేరాడు.

అరుగు మీద అక్కాచెల్లెళ్లు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. పల్లవి వచ్చేసిందే అని అతనికి ముందు సంతోషం వేసింది. ఆ సంతోషం మెట్లు ఎక్కేవరకే. ఆమె పొట్ట వెనక్కి పోయి ఉంది, తలకు గుడ్డ కట్టి ఉంది, ఇంట్లో పసిబిడ్డ ఏడుపు లేదు. కాన్పైన ఇంట్లో ఉండాల్సిన ఉయ్యాల లేదు. వాళ్ల చేతులు మాత్రం ఆగకుండా ఆడుతున్నాయి. ఎవరూ పట్టి ఉంచడం లేదు, ఎవరూ బొటనవేలు ఎత్తడం లేదు. ఇంత వేగంగా మాట్లాడుకునేవాళ్లను తన తీగ ఎంతగా నత్తనడక నడిపించిందో అతను అప్పుడు చూశాడు.

చంద్రకాంతమ్మ లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. మజ్జిగ కూడా ఇచ్చింది. సోమవారం పొద్దున వసంతమ్మకే అనుమానం వచ్చి ఆసుపత్రికి తీసుకుపోయారట. అప్పటికే లోపల బిడ్డకు ప్రాణం లేదు. మగబిడ్డ. శనివారమే తీసుకొచ్చి ఉంటే కోసి బయటికి తీసి బతికించి ఉండేవాళ్లం అన్నదట డాక్టరమ్మ. చంద్రకాంతమ్మ ఈ సంగతులన్నీ ఎదుటివాడికి కాక, గచ్చుకు చెప్పుకుంటున్నట్టు చెప్పింది. దేవరాజులు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఏదో ఒకటి అనాలని మునిశేఖర్, ఆ శనివారం నెట్టు పనిచేయకపోయె, లేకుంటే ఆయమ్మ చెప్పుకునేదేమో అన్నాడు.

నవీన ఎప్పుడు వచ్చిందో గడపలో నిలబడి ఉంది. అతని నోరు కదలడం చూసింది. అతని ముందుకు వచ్చి నిలబడి, కుడిచెయ్యి తన కడుపు మీద పెట్టుకుని వేళ్లు ఆడించింది. అది అతనికి తెలిసిన గుర్తే, బిడ్డ తంతోంది. తర్వాత వేళ్లు ఆపేసింది. ఐదువేళ్లూ చాపి, చెయ్యి కదల్చకుండా, అతని కళ్లలోకి చూస్తూ అట్లాగే నిలబడింది. ఐదు క్షణాలు, పది క్షణాలు, అర నిమిషం. గోడకానుకున్న పల్లవి బొమ్మ ఎట్లా ఉందో అచ్చం అట్లాగే. మధ్యలో రెండుసార్లు కళ్లు మూసి తెరిచింది.

“శుక్రవారం రాత్రి నుంచి కదల్లేదంట” అంది చంద్రకాంతమ్మ. “అది చెప్పుకుందామనే కూర్చున్నాదంట. చెల్లెలు వేలు ఎత్తేదాకా చెయ్యి అట్లే పెట్టాలని నేర్చుకోనుండాది కదా, అట్లే పెట్టుకోని కూర్చోనుండాది నా బిడ్డ. బొమ్మ ఆగిపోలేదప్పా. అది రెప్పలు వేస్తా ఉన్నింది, నవీన సూసింది.”

మునిశేఖర్ చేతిలో గ్లాసు కింద పెట్టాడు. రెండోసారి గుచ్చినప్పుడు కూడా వచ్చింది పాత బొమ్మ కాదు. ఆమె అప్పటికీ చెయ్యి తీయలేదు, తెర నల్లబడ్డా, మళ్లీ వెలిగినా, చూసేవాళ్ల కోసం ఆ చెయ్యి అట్లాగే పెట్టుకుని ఉంది. అతను రెండుసార్లు ఆ మాటను పీకి పారేశాడు. ఎన్ని రోజులు బతికినా ఈ సంగతి తనను వదలదని అతనికి తెలిసిపోయింది. నాదే తప్పమ్మా, ఈ ఊరికి ఇది రాదని నాకు మొదటిరోజే తెలుసు అని చెప్పాలనుకున్నాడు. ఆ మాట చెప్పాడు కూడా.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“నీదొక్కనిదే అయితే నిన్ను తిట్టి ఊరుకుందును. ఫోన్లో బాగుండాదంటే నమ్మితిమి. కండ్ల ముందర సంచీ సర్దుకున్న బిడ్డను నమ్మకపోతిమి” అని లేచి లోపలికి పోయింది.

డేటాకార్డు, తీగ తెచ్చి అతని చేతిలో పెట్టింది. చిన్న పసుప్పచ్చ గుడ్డలో చుట్టి ఉన్నాయి. అది ఏ గుడ్డో అతను గుర్తుపట్టాడు, నవీన కుట్టిన ఆ చిన్న చొక్కాదే. చేతులు కుట్టకముందే ఆగిపోయిన ఇంకో చొక్కా అది. సిబ్బి కిటికీకి లేదు. వంటింట్లో అన్నం గిన్నె మీద బోర్లించి ఉంది, గంజి వారుతూ ఉంది.

అతను అరుగు మీదికి వచ్చేసరికి పల్లవి తలెత్తి చూసింది. ఆమె అతన్ని ఎప్పుడూ చూడలేదు. తెరకు అందకుండా అతను ఎప్పుడూ పక్కనే ఉన్నాడు. పక్కన వచ్చి కూర్చున్న చెల్లెలి వైపు తిరిగి, ఎవరని గడ్డం ఎగరేసి అడిగింది.

మునిశేఖర్ మెట్టు మీద ఆగాడు. నెత్తిమీదికి గుండ్రంగా లేచే రెండు అరచేతుల కోసం చూశాడు. ఆ పేరైనా మిగిలిందేమోనని ఆశ.

నవీన కాసేపు ఆలోచించింది. ఎడమచేతిని పిడికిలి చేసి పట్టుకుని, కుడిచేతి రెండు వేళ్లతో అందులోంచి ఏదో పట్టి పీకి, కింద పడేసింది.

పల్లవి అతని వైపు చూసి, తెలిసిందన్నట్టు తల ఊపింది.